అత్తయ్యగారి సున్నా, డాబా మీద సున్నం

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు లేదు కాబట్టి పగిలేవి మా తలకాయలే. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తు మాది. పైన ఎవరూ ఉండరు, కుర్చీలు జరిపే చప్పుళ్ళుండవు, గాలీ వెలుతురూ బాగా వస్తాయని కొనుక్కున్న రోజున తెగ మురిసిపోయాం. పైన ఎవరూ లేరంటే నేరుగా సూర్యుడే ఉన్నాడని మొదటి వేసవికి గానీ తెలిసిరాలేదు.

ఆఖరి అంతస్తులో కాపురం చేసేవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక తీరిగ్గా ఆ వేడిని మన నెత్తిన వదులుతుంది. బయట గాలి చల్లబడినా రాత్రి పదకొండింటికి మా హాల్లో ఫ్యాను వేస్తే పొయ్యి మీంచి వచ్చినట్టు వచ్చేది గాలి. డిగ్రీలో ఆముక్తమాల్యద గ్రీష్మ వర్ణన చదివినప్పుడు రాయలవారు కాస్త ఎక్కువ చేశారేమో అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

ఆ హాల్లోనే మా అత్తయ్య మంచం. రెండు పడగ్గదుల్లోనూ ఏసీలున్నాయి. ఒకటి మాది, ఒకటి పిల్లలది. పిల్లల గదిలో ఇంకో మంచం వేస్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నాకా ఏసీ పడదమ్మా, కీళ్ళు పట్టేస్తాయి. మీరు పడుకోండి" అంటారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. "ఉక్కగా లేదా అత్తయ్యా?" అని ఎప్పుడడిగినా ఒకటే మాట: "నాకు బాగానే ఉంది."

పోయిన వేసవిలో మా అబ్బాయికి కాలేజీలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇంజనీరింగ్ మూడో ఏడు, మెకానికల్. ఇంట్లో చల్లదనానికి కరెంటు ఎంతవుతోంది, గాలి ఎలా ఉంటోంది, తక్కువ ఖర్చుతో రెండూ ఎలా బాగుపడతాయి అని ఏదో ఒక ఇల్లు తీసుకుని చూడాలట. వేరే ఇల్లెందుకని మా ఇల్లే తీసుకున్నాడు. వేడీ తేమా చూపించే బుల్లి మీటర్లు నాలుగు కొన్నాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ చెప్పే డబ్బా ఒకటి కాలేజీ నుంచి అరువు తెచ్చాడు. హాల్లో ఒకటి, గదుల్లో రెండు, వంటింట్లో పోపులపెట్టె పక్కన ఒకటి పెట్టాడు. "ఒరేయ్, దానికి ఆవాలు చిట్లి తగిలితే నన్ననకు" అని ముందే చెప్పాను.

మీటర్లు కాక ఒక నోటుపుస్తకం. అందులో మా అందరి పేర్లూ రాసి గళ్ళు గీశాడు. రోజుకి మూడుసార్లు అందరినీ ఒక ప్రశ్న అడగాలి: ఇప్పుడు నీకెలా ఉంది? జవాబుకి ఏడు మెట్లు. మైనస్ మూడు అంటే చలి. సున్నా అంటే వేడీ లేదు, చలీ లేదు, హాయి. ప్లస్ మూడు అంటే మంట. ప్రపంచంలో ఎక్కడ ఈ పరిశోధన చేసినా ఇదే కొలబద్దట, అమెరికాలో ఏసీల ఇంజనీర్ల సంఘంవాళ్ళు పెట్టింది. తెలుగు చదువుకున్న బుద్ధి ఊరుకోదు కదా, నాకు వెంటనే అనుమానం వచ్చింది. "మరి ఉక్కపోత ఎక్కడ రాస్తావురా? ఎండ వేరు, వేడి వేరు, ఉక్క వేరు, కాక వేరు." వాడు కాసేపు ఆలోచించి "తేమకి మీటరుంది కదమ్మా" అన్నాడు. మీటరుంటే ఉంది, మాట లేదు. సరేలెమ్మని వదిలేశాను.

వారం తిరిగేసరికి పుస్తకం భలే తమాషాగా తయారైంది. మా వారు హాల్లో ఉంటే రెండు, ఏసీ గదిలో సున్నా. పిల్లల గదిలో వాడు ఇరవైలో పెట్టుకుని సున్నా అంటాడు, అదే గదిలో మా అమ్మాయి దుప్పటి ముసుగేసుకుని మైనస్ రెండు అంటుంది. అత్తయ్య పేరు కింద వరసగా సున్నాలు. పొద్దున సున్నా, మధ్యాహ్నం సున్నా, రాత్రి సున్నా. హాల్లో మీటరు 37 చూపిస్తున్న మధ్యాహ్నం కూడా సున్నానే. "నానమ్మా, ఒట్టు, నిజం చెప్పు" అంటే "నిజమేరా నాన్నా, నాకేం, బాగానే ఉంది, సున్నా వేసుకో" అనేవారు. నా పేరు కింద గళ్ళు చాలావరకు ఖాళీ. వాడు అడిగే మూడు వేళలూ నేను వంటింట్లో ఉండే వేళలే. "ఉండరా, పాలు పొంగుతున్నాయి" అన్న జవాబుకి కొలబద్ద మీద అంకె లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అత్తయ్య బాత్రూమ్ దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయారు. మాట ముద్దగా వస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. నేనూ వాచ్‌మన్ భార్యా చెరోవైపు పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వడదెబ్బ. ఇంట్లోంచి గడప దాటని మనిషికి వడదెబ్బేమిటని మా వారు ఫోన్లో రెండుసార్లు అడిగారు.

డాక్టరమ్మ సెలైన్ పెట్టాక నాకు నిదానంగా చెప్పింది. వయసు పైబడినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుందట. చెమట పట్టడం తగ్గుతుంది. చుట్టూ వేడి పెరుగుతున్నా ఒళ్ళు ఆ కబురు సరిగ్గా అందించదు. "ఆవిడ బాగానే ఉందని అన్నప్పుడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆవిడకి నిజంగానే తెలిసి ఉండదు. మీరే గంట గంటకీ నీళ్ళివ్వాలి" అంది. ఎండ మరీ నలభై దాటినప్పుడు ఒట్టి ఫ్యాను గాలి మేలు కన్నా కీడు చేస్తుందని, అప్పుడు ఒంటికి తడిగుడ్డ పెట్టాలని కూడా చెప్పింది.

ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నేను ఆలోచించింది ఒక్కటే. ఆ 37 అంకె నేను చూశాను. మీటరు నా కళ్ళెదుటే ఉంది. కానీ ఆవిడ సున్నా అన్నారు కాబట్టి నేను మీటరుని నమ్మలేదు, ఆవిడ్ని నమ్మాను. నమ్మడం తేలిక కనక నమ్మానేమో కూడా. ఆవిడకి బాగానే ఉంటే నేను చెయ్యాల్సిందేమీ లేదు కదా.

రెండ్రోజులకి అత్తయ్య ఇంటికొచ్చారు, ఈసారి మాట వినకుండా పిల్లల గదిలో మంచం వేశాం. మా అబ్బాయి ప్రాజెక్టు కోసం దించుకున్న కాగితాలు పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఇది చూడు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చేసిందే."

చేసినవారి పేరు ఇంద్రగంటి మాధవి. ఇంటిపేరు చూడగానే తెలుగు బి.ఏ. వాళ్ళ మనసు కథల వైపు పోతుంది గానీ ఈవిడ ఇళ్ళలో వేడిని చదివిన ఆవిడ. 2008లో వేసవిలోనూ, వానలు మొదలయ్యాకా ఇక్కడి అపార్ట్‌మెంట్లకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వందమందికి పైగా మనుషుల్ని ఇదే ఏడు మెట్ల ప్రశ్న అడిగారు. పక్కనే మీటర్లు పెట్టి గదిలో వేడి, తేమ, గాలి వేగం రాసుకున్నారు. అలా 3,962 జవాబులు. అప్పటి మన దేశపు నిబంధనల ప్రకారం మనిషికి హాయిగా ఉండే వేడి 23 నుంచి 26 డిగ్రీల మధ్య. ఈ మనుషులు హాయి అని చెప్పిన అంకె 29.23. 26 నుంచి 32 పైచిలుకు వరకు కూడా సర్దుకుని హాయిగానే ఉన్నామన్నారు. అంటే ఫ్యాను వేసుకుని, కిటికీ తీసుకుని, నూలుచీర కట్టుకుని ఉన్న మనకి అంత చలి అవసరం లేదన్నమాట. పడమటి దేశాల లెక్కలు చూసి ఏసీలు బిగిస్తే కరెంటు దండగ. మా వాడి ప్రాజెక్టుకి కావలసింది ఆ మాటే, కింద గీత గీసుకున్నాడు.

నేను మాత్రం ఇంకో వాక్యం దగ్గర ఆగిపోయాను. కవితా దరయాని రావు గారితో కలిసి అదే సర్వే మీద మాధవిగారు రాసిన వ్యాసమది. ఆడవాళ్ళకీ, పెద్ద వయసు వాళ్ళకీ, సొంతింటి వాళ్ళకీ ఉన్న పరిస్థితిని ఒప్పుకోవడం ఎక్కువగా కనిపించిందట. డబ్బు తక్కువున్నవాళ్ళు హాయి అన్న వేడి ఇంకా పైన, 30.2. ఇంకొకటి కూడా రాశారు. చప్పుళ్ళకీ వాసనలకీ మనుషులు అలవాటు పడిపోయి, అవి ఉన్నట్టే గుర్తించడం మానేస్తారని, అందుకే బాగానే ఉందంటారని.

పరిశోధకులు లెక్క లెక్కగా చెప్తారు, అంతకు మించి అనరు. నేను పరిశోధకురాలిని కాదు కదా, నాకు తోచింది నేను అనుకున్నాను. ఆడమనిషి, పెద్దవయసు, చేతిలో డబ్బు ఆడని మనిషి. మూడూ కలిస్తే మా అత్తయ్య. మామయ్యగారు పోయాక కొడుకింట్లో ఉంటూ కరెంటు బిల్లు ఎంతొచ్చిందని ప్రతి నెలా చెవులు రిక్కించి వినే మనిషి. ఆవిడ సున్నాలో ఒంటి మాట ఎంత, మొహమాటం ఎంత, అలవాటు ఎంత?

మర్నాడు మా వాడితో అన్నాను, "ఆ ప్రశ్న ఒక్కటే అడుగుతారా? ఇంకేమీ అడగరా?" అప్పుడు వాడు నాలిక కరుచుకున్నాడు. రెండో ప్రశ్న ఉందట. ఎలా ఉంది అన్నది ఒకటి, ఎలా ఉంటే బాగుండును అన్నది ఇంకొకటి. ఇంతకన్నా చల్లగా కావాలా, ఇలాగే ఉండనా, వెచ్చగా కావాలా? వీడు పని తగ్గుతుందని అది వదిలేశాడు. ఇంజనీర్లు కాబోతున్నారు మరి!

మధ్యాహ్నం భోజనాలయ్యాక నానమ్మ పక్కన కూర్చుని అడిగాడు. "నానమ్మా, ఇప్పుడెలా ఉంది?"

"బాగానే ఉంది."

"సరే, సున్నా. ఇంకొంచెం చల్లగా ఉంటే బాగుండునా?"

ఆవిడ వాడి మొహం కేసి చూశారు. "ఉంటే ఎవరికి చేదురా?" అన్నారు.

వాడు రాసుకున్నాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను. పెళ్ళై ఇరవై మూడేళ్ళు. "ఉక్కగా లేదా" అని అడిగాను గానీ "చల్లగా ఉంటే బాగుండునా" అని నేనెప్పుడూ అడగలేదు. మొదటిదానికి జవాబు చెప్తే ఫిర్యాదు అవుతుంది. ఆవిడ జన్మలో ఫిర్యాదు చెయ్యరు.

నెమ్మదిగా ఆవిడ చేత ఆ ఊరింటి సంగతులు చెప్పించాం. కోనసీమలో మండువా లోగిలి. మందంగా మట్టిగోడలు, పైన పెంకు, గోడ మీద ఎండ పడకుండా కిందికి దిగిన చూరు. లోపలి వేడిగాలి పైకి లేచి మండువాలోంచి పోతుంది, నీడలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మా వాడు అదంతా బొమ్మ గీసి బాణాలు పెట్టుకున్నాడు. మా వారు అందుకుని "ఆ రోజుల్లో ఇళ్ళే ఇళ్ళు" అని మొదలెట్టబోతే అత్తయ్య మధ్యలోనే కట్ చేశారు. "నువ్వు మండువాలో పడుకున్నావు కాబట్టి అలా అంటావు. నేను వెనక వంటపాకలో ఉన్నాను. చిత్తడి కట్టెలు, పొగ. కళ్ళు మండి గొట్టంతో ఊదీ ఊదీ..." అని చెయ్యి ఊపి ఆపేశారు. ఆ దగ్గు ఇప్పటికీ ఆవిడతోనే ఉంది.

ఆ పొగ కొలిచిన వాళ్ళూ ఉన్నారు. కర్క్ స్మిత్ అని అమెరికా శాస్త్రవేత్త, 1980ల మొదట్లోనే గుజరాత్ పల్లెల్లో వండే ఆడవాళ్ళు ఎంత పొగ పీలుస్తున్నారో కొలిచాడు. ఫ్యాక్టరీల పొగ గురించి లోకం మాట్లాడుతున్న రోజుల్లో వంటింటి పొగని లెక్కలోకి తెచ్చిన మనిషి. మన దగ్గర నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో కల్పనా బాలకృష్ణన్ బృందం నాలుగు వందలకు పైగా ఇళ్ళు చూసి 2004లో ప్రచురించింది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అందరికన్నా ఎక్కువ పీల్చేది వండే మనిషేనని అంకెలతో సహా తేలింది. మన అమ్మలకి అంకెలు లేకుండానే తెలుసు, సరే. కానీ అంకె ఉంటేనే ఎవరైనా వింటారు.

గ్యాసు పొయ్యి వచ్చి కట్టెల పొగ పోయింది. వేడి పోలేదు. వంటింట్లో పెట్టిన మీటరు సంగతి ఇప్పుడు చెప్తాను. పన్నెండున్నరకి రెండు పొయ్యిలూ వెలుగుతున్నప్పుడు 40 దాటింది. మా వాడు లెక్కేసి చెప్పాడు. ఒక టన్ను ఏసీ గంటకి గది నుంచి బయటికి తొయ్యగలిగిన వేడి ఎంతో, రెండు పొయ్యిలూ పెద్ద మంట మీద పెడితే దగ్గర దగ్గర అంత వేడి పుడుతుందట. అంటే ఒక ఏసీ పడే పాటుకి ఎదురుగా నేను నిలబడి పులుసు కలుపుతున్నానన్నమాట. పైగా మంట ఆరిపోతుందని ఫ్యాను వేసుకోం. అసలు చాలా ఫ్లాట్లలో వంటింట్లో ఫ్యానుకి కొక్కెమే ఉండదు, మీరూ చూసే ఉంటారు. కట్టేవాళ్ళ లెక్కలో వంటింట్లో మనుషులుండరు.

హాయి అనే అంకె ఎవరి ఒంటిని బట్టి వచ్చిందో కూడా మా అమ్మాయి దుప్పటి పుణ్యమా అని తెలిసింది. ఆఫీసుల్లో ఎంత చల్లగా ఉంచాలనే పాత లెక్కలకి ఆధారం నలభయ్యేళ్ళ, డెబ్భై కిలోల మగమనిషి ఒంటి వేడి. నెదర్లాండ్స్‌లో కింగ్మా అనే ఆయనా, ఇంకొకాయనా 2015లో ఆడవాళ్ళ ఒంటి వేడి విడిగా కొలిచి, పాత లెక్క దాన్ని 35 శాతం దాకా ఎక్కువ అంచనా వేస్తూ ఉండొచ్చని చెప్పారు. ఆఫీసుల్లో స్వెట్టర్లు వేసుకునే ఆడపిల్లలకి ఇది కొత్త కబురేమీ కాదు. మా అమ్మాయి ఆ కాగితాన్ని వాళ్ళన్నయ్య మంచం పక్కన గోడకి అంటించింది.

అసలు ఏసీ పుట్టిందే మనిషి కోసం కాదట. 1902లో బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకి కాగితం ఉబ్బి రంగులు పక్కకి జరుగుతుంటే విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు గాలిలో తేమ తగ్గించే యంత్రం చేశాడు. కాగితం సుఖం చూశాక మనుషుల వంతు వచ్చింది. వంటింటి వంతు ఇంకా రాలేదు.

ఇక మేం చేసిన పనులు. కార్బన్ డయాక్సైడ్ డబ్బా ముందు మా వారి నోరు మూయించింది. ఏసీ బయటి నుంచి చల్లగాలి తెస్తుందని ఆయన నమ్మకం. తేదు. గోడకి పెట్టే ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట గాలిలో ఆ అంకె నాలుగొందల పైన ఉంటుంది, తలుపులు బిగించుకు పడుకున్న మా గదిలో తెల్లారేసరికి రెండువేలు దాటింది. అది విషమని కాదు, ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తున్నారని దాని అర్థం. వెయ్యి దాటితే గాలి మార్చుకోవాలని పెట్టెన్‌కోఫర్ అనే జర్మన్ డాక్టరు పంతొమ్మిదో శతాబ్దంలోనే చెప్పాడట, ఏసీలు పుట్టకముందు. పొద్దున్నే తల దిమ్ముగా ఉందని ఆయన కాఫీ మీద కాఫీ తాగేది దీనికేనేమో. ఇప్పుడు తలుపు రెండంగుళాలు తీసి ఉంచుతున్నాం, ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేస్తున్నాం. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం మిగులుతుందని ప్రభుత్వ ఇంధన సంస్థ లెక్క. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ వెయ్యగానే 24లో మొదలయ్యేలా చేసింది కూడా అందుకే. హాల్లో పాత ఫ్యాను తీసేసి తక్కువ కరెంటు తినే కొత్త రకం పెట్టాం. డెబ్భై అయిదు వాట్లు తినే చోట ముప్ఫై తింటోంది. ఆ సంగతి తెలిశాక అత్తయ్య పగలు కూడా ఫ్యాను కట్టడం మానేశారు. ఇన్నాళ్ళూ మేం లేనప్పుడు ఆవిడ కట్టేస్తున్నారని అప్పుడే బయటపడింది.

నాకోసం ఇండక్షన్ పొయ్యి. గ్యాసు కన్నా గిన్నెకి ఎక్కువ వేడి అందుతుంది, గదిలోకి తక్కువ పోతుంది అన్నది వాడి కారణం. మంట లేదు కాబట్టి ఫ్యాను వేసుకోవచ్చన్నది నా కారణం. గోడకి ఒక ఫ్యాను బిగించుకున్నాను, చాలా ఏళ్ళకి మొదటిసారి గాలి కింద నిలబడి అన్నం వండాను. పుల్కాలకీ వేపుళ్ళకీ మాత్రం ఇంకా గ్యాసే, అక్కడ ఎవరు చెప్పినా వినను. పోపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యాలి, వేశాక కాదు. మా చిమ్నీ గొట్టం బయటికి కాకుండా బాల్కనీలోకి పెట్టి వెళ్ళాడు బిగించినతను, ఆ పొగంతా మళ్ళీ కిటికీలోంచి ఇంట్లోకే వస్తోందని ఆరేళ్ళ తర్వాత కనుక్కున్నాం. వాసనకి అలవాటు పడిపోయి, బాగానే ఉందనుకున్నాం.

అన్నిటికన్నా పెద్ద పని డాబా. డాబా అందరిదీ, ఎండ మా ఒక్క అంతస్తుదీ. అసోసియేషన్ మీటింగులో కింది అంతస్తులవాళ్ళు "మాకేంటి?" అన్నారు. వాళ్ళ తప్పూ లేదు. మా వాడు కాగితాలు తెచ్చి చదివాడు. ఇక్కడి ట్రిపుల్ ఐటీ, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీ కలిసి హైదరాబాద్‌లోనే భవనాల మీద తెల్లపూత వేసి మీటర్లతో చూశారు. నల్ల పైకప్పుని తెల్లగా చేస్తే ఏసీ ఖర్చు 14 నుంచి 26 శాతం తగ్గింది. మామూలు కాంక్రీటుకి వేస్తే 10 నుంచి 19. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల కోసం ఐదేళ్ళ విధానమే ప్రకటించింది. అందరూ శ్రద్ధగా విన్నారు, చందా మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఐదో అంతస్తు నాలుగు ఫ్లాట్లవాళ్ళమే తలా మూడు వేలు వేసుకున్నాం.

ఖరీదైన పూతల జోలికి పోకుండా సున్నంలో జిగురు కలిపి రెండు కోట్లు వేయించాం. సున్నం వేస్తున్న రోజున చూశాను వాచ్‌మన్ గదిని. డాబా మీదే ఓ మూల రేకుల గది, అందులో ముగ్గురు మనుషులు, ఒక పొయ్యి. వడియాలు పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా దాని నీడలో నిలబడిన దాన్నే, లోపలెలా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. మా అత్తయ్యని ఆటోలోకి ఎక్కించింది ఆ అమ్మాయే. మా వాడు మీటరు తీసుకెళ్ళి లోపల పెడితే 44. "ఎట్లుంది అక్కా మీకు ఇక్కడ?" అని అడిగాడు. "మంచిగనే ఉంది బాబూ, అలవాటయింది" అంది. వాడు నా వైపు చూశాడు.

రేకుల మీదా సున్నం వేయించాం. దానికి కొంచెం పేచీ అయింది. లెక్కలో లేని బస్తా ఎందుకు తెప్పించారని కోశాధికారి అడిగారు, నా ఇంటిఖర్చుల్లోంచి ఇచ్చేశాను. అదే ఎండ ఉన్న రోజులు చూసి పోలిస్తే మా హాల్లో మధ్యాహ్నం మూడు డిగ్రీలు తగ్గింది. రేకుల గదిలో ఇంకా ఎక్కువే తగ్గింది, అయినా అది మనిషి ఉండే చోటు కాదు. కింద మెట్ల పక్కన ఖాళీగా ఉన్న స్టోరురూము వాళ్ళకి ఇవ్వాలని ఈ ఏడాది మీటింగులో అడిగాను. ఇంకా తేలలేదు. మళ్ళీ అడుగుతాను.

జులైలో మా వాడి ప్రాజెక్టు అయిపోయింది, మార్కులూ వచ్చాయి. నోటుపుస్తకం బీరువా మీద పడేశాడు. ఈ ఉగాది వెళ్ళాక డాబాకి మళ్ళీ సున్నం వేయించాం. ఏప్రిల్‌లో ఒకరోజు అత్తయ్య "వాడి పుస్తకమేదమ్మా, ఈ ఏడు అడగటం లేదేం?" అన్నారు. వెతికి దులిపి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని కొత్త పేజీలో గళ్ళు ఆవిడే గీశారు, కాస్త వంకరగా. మొదటి గడిలో తన పేరు కింద "ఒకటి" అని అక్షరాలతో రాశారు. ఆవిడ పేరు కింద సున్నా కాని అంకె నేను చూడడం అదే మొదలు. వెంటనే లేచి మంచినీళ్ళిచ్చాను, తాగారు.

నేను వంకాయలు తరుగుతున్నాను. హాల్లోంచి కేక వేశారు. "అమ్మాయ్, నీకెంత?"

"ఉండండత్తయ్యా, పొయ్యి మీద..."

"పొయ్యి సంగతి కాదు. నీకెంత?"

"రెండు," అన్నాను.

"అయితే ఆ కత్తిపీట ఇక్కడికి తెచ్చుకో. ఫ్యాను కింద తరుగుదాం."